అగ్నిపర్వతం ఆకారం చూసి భూమిలోని ఒత్తిడి ఏ దిక్కుదో కనుక్కోవడం ఎలా?

జపాన్‌లోని ఫ్యూజీ పర్వతం అనగానే నాలుగు వైపులా ఒకేలా దిగిన శంకువు ఆకారం గుర్తొస్తుంది. ఫొటోల్లో అలాగే ఉంటుంది కూడా. ఉపగ్రహ చిత్రంలో నేరుగా పైనుంచి చూస్తే మాత్రం అది పూర్తి గుండ్రం కాదని తెలుస్తుంది. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి కాస్త సాగి ఉంటుంది. దాని వాలుల మీద సుమారు వంద చిన్న బిలాలున్నాయి. అవి కూడా ఎక్కువగా ఆ రెండు దిక్కుల్లోనే గుమిగూడాయి. 864లో వాయవ్యపు వాలు చీలి లావా పారింది. 1707 డిసెంబర్‌లో ఆగ్నేయపు వాలు బద్దలై బూడిద ఎడో నగరం దాకా, అంటే నేటి టోక్యో దాకా, వెళ్లి పడింది. మధ్యలో ఎనిమిది వందల ఏళ్లకు పైగా గడిచినా రెండూ ఇంచుమించు ఒకే గీత మీద జరిగాయి.

ఆ గీత కాకతాళీయం కాదని, కింద భూమి పొర ఏ దిక్కున ఎక్కువ నొక్కుకుంటోందో అది చెబుతుందని టోక్యో విశ్వవిద్యాలయ భూకంప పరిశోధన సంస్థకు చెందిన కజువాకి నకమురా 1977లో ఒక పద్ధతిగా ప్రతిపాదించారు. దాన్ని మీరు కూడా చేయొచ్చు. ఒక కంప్యూటర్, ఉచితంగా దొరికే గూగుల్ ఎర్త్ ప్రో, లెక్కలకు ఎక్సెల్ లాంటిది ఏదైనా ఉంటే చాలు. జియాలజీ చదివి ఉండక్కర్లేదు. ఓపిక మాత్రం కావాలి, ఎందుకంటే ఇందులో అసలు పని గీత గీయడం కాదు, గీయకూడని గీతల్ని పక్కన పెట్టడం.

ముందు ఒక్క సూత్రం

భూమి లోపల ఏ రాయినైనా అన్ని వైపుల నుంచీ ఏదో ఒకటి నొక్కుతూనే ఉంటుంది. పైనున్న రాళ్ల బరువు కిందికి నొక్కుతుంది. భూమి పైపొర విడిపోయి ఉన్న పెద్ద పలకల కదలిక పక్కల నుంచి నొక్కుతుంది. ఈ పక్క ఒత్తిడి అన్ని దిక్కుల్లో సమానంగా ఉండదు. ఒక దిక్కులో గరిష్ఠంగా ఉంటుంది, దానికి లంబంగా ఉన్న దిక్కులో కనిష్ఠంగా ఉంటుంది.

మాగ్మా, అంటే భూమి లోపల కరిగి ఉన్న రాయి, పైకి రావాలంటే గట్టి రాయిని చీల్చుకుని రావాలి. చీలిక తెరుచుకోవాలంటే దాని రెండు గోడలూ చెరో పక్కకు జరగాలి. అవి ఒత్తిడి తక్కువగా ఉన్న వైపుకే జరుగుతాయి. కిక్కిరిసిన పుస్తకాల అరలో కొత్త పుస్తకం దూర్చాలంటే మిగతావి కుడికో ఎడమకో జరగాలి తప్ప వెనకున్న గోడలోకి జరగలేవు కదా, ఇదీ అంతే. అందుకే మాగ్మా నింపుకున్న చీలిక గరిష్ఠ ఒత్తిడి దిక్కుకు సమాంతరంగా పొడవుగా సాగుతుంది, కనిష్ఠ ఒత్తిడి దిక్కుకు తెరుచుకుంటుంది. గోడలా నిటారుగా ఉండే ఈ చీలికనే డైక్ అంటారు. మందం మామూలుగా కొద్ది మీటర్లే, పొడవు మాత్రం కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. ఇది నేల పైకి తేలిన చోటల్లా ఒక బిలం పడుతుంది.

కొత్తగా చేసేవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. బిలాల వరసకు అడ్డంగా నొక్కితేనే నేల పగిలిందని అనుకుంటారు. అలా నొక్కితే పగులు మూసుకుపోతుంది. కాబట్టి కాగితం మీద ముందే రాసిపెట్టుకోండి: వరస ఎటు సాగిందో గరిష్ఠ ఒత్తిడి అటు, నేల తెరుచుకునేది దానికి అడ్డంగా.

ఏ పర్వతంతో మొదలుపెట్టాలి

పక్క బిలాలు బాగా ఉన్న పెద్ద అగ్నిపర్వతం మంచిది. నడి శిఖరం మీద బిలం ఎప్పుడూ అక్కడే ఉంటుంది, దానివల్ల దిక్కు గురించి తెలిసేది దాదాపు ఏమీ లేదు. వాలుల మీద పడ్డ బిలాలే మనకు కావాలి. వాటిలో చాలావరకు ఒక్కసారి పేలి ఆగిపోయినవే. మాగ్మా ప్రతిసారీ కొత్తగా దారి వెతుక్కుని వచ్చిందన్నమాట, కాబట్టి వేర్వేరు విస్ఫోటాల్లో పడ్డ ప్రతి పక్క బిలం ఒక స్వతంత్ర సాక్ష్యం.

వయసు కూడా చూడాలి. ఇప్పటి ఒత్తిడి దిక్కు కావాలంటే గత కొన్ని వేల ఏళ్లలో పేలిన బిలాలే వాడాలి. బాగా పాతవైతే అవి చెప్పేది అప్పటి సంగతి. స్మిత్సోనియన్ సంస్థ వాళ్ల గ్లోబల్ వోల్కనిజం ప్రోగ్రామ్ వెబ్‌సైట్‌లో గత పదీ పన్నెండు వేల ఏళ్లలో చురుగ్గా ఉన్న అగ్నిపర్వతాల జాబితా, చాలాచోట్ల పక్క శంకువుల పేర్లు, అక్షాంశ రేఖాంశాలు కూడా దొరుకుతాయి. మొదటిసారి ఫ్యూజీతోనే చేయమని నా సలహా. ఆకారం స్పష్టంగా ఉంటుంది, జవాబు సరిచూసుకోవడానికి చుట్టుపక్కల వేరే ఆధారాలు బోలెడున్నాయి.

తెర సిద్ధం చేసుకోవడం

గూగుల్ ఎర్త్ ప్రోలో పర్వతం దగ్గరకు వెళ్లాక కీబోర్డు మీద ఆర్ అక్షరం నొక్కండి. దృశ్యం వాలకుండా నేరుగా పైనుంచి కనిపిస్తుంది, ఉత్తరం పైకి వస్తుంది. ఈ చిన్న పని మర్చిపోతే కొలిచినవన్నీ వంకరపోతాయి. పక్కకు వాలిన దృశ్యంలో గుండ్రటి బిలం కూడా కోలగా కనిపిస్తుంది మరి. తర్వాత ఆప్షన్స్‌లోకి వెళ్లి, ఎత్తును ఎన్ని రెట్లు పెంచి చూపించాలో చెప్పే సెట్టింగ్ 1 అనే అంకె మీదే ఉందో లేదో చూసుకోండి.

వెలుగు విషయంలో కాస్త ఆగి ఆలోచించాలి. ఎత్తుపల్లాల డేటాతో నీడల పటం చేసుకుని పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. చెట్లు అడ్డురావు కాబట్టి అది మంచి పద్ధతే. కానీ చాలా సాఫ్ట్‌వేర్లు వెలుగును వాయవ్యం నుంచి, అంటే 315 డిగ్రీల నుంచి, పడేలా ముందే పెట్టి ఇస్తాయి. వెలుగుకు అడ్డంగా ఉన్న గట్లకు నీడ పడి స్పష్టంగా కనిపిస్తాయి. వెలుగు దిక్కుకే సాగిన గట్లకు నీడ పడదు, అవి మాయమైపోతాయి. ఫ్యూజీలో మనం వెతికేదే వాయవ్య–ఆగ్నేయ వరస. అంటే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వెలుగుతో చూస్తే కావలసినవే కనిపించకుండా పోతాయి. అందుకే వెలుగు దిక్కును కనీసం నాలుగు రకాలుగా మార్చి నాలుగు పటాలు చేసుకోండి. వాటిలో కనీసం రెండింటిలో కనిపించిన బిలాన్నే లెక్కలోకి తీసుకోండి.

బిలాలకు గుర్తులు పెట్టడం

ఇప్పుడు వాలుల మీద నెమ్మదిగా వెతకండి. చిన్న గుండ్రటి దిబ్బ, నెత్తిన గుంట ఉంటే అది శంకువు. దిబ్బ లేకుండా వరసగా గుంటలే ఉండొచ్చు. ఒక్కోసారి సన్నటి పొడవాటి చీలిక, దానికి రెండు పక్కలా లావా తుంపర్లు పేరుకున్న చిన్న గట్లు కనిపిస్తాయి. ఆ చీలికలే మనకు అన్నిటికంటే విలువైనవి, ఎందుకంటే డైక్ నేరుగా నేల మీద సంతకం చేసిన చోటు అదే. ప్రతిదానికీ ఒక పిన్ను పెట్టండి. మొత్తం శంకువుకు కాదు, బిలం మధ్యలో పెట్టాలి.

లావా ప్రవాహాలకు పిన్నులు పెట్టొద్దు. లావా పల్లానికి పారుతుంది, ఒత్తిడి దిక్కుతో దానికి పనిలేదు. అది ఎక్కడ మొదలైందో ఆ చోటొక్కటే మనకు కావాలి.

ఒకే విస్ఫోటంలో పడిన బిలాలను ఒక గుంపుగా రాసుకోవడం చాలా ముఖ్యం. ఫ్యూజీ ఆగ్నేయపు వాలు మీద 1707లో పడ్డ హోయీ బిలాలు మూడు. పెద్దది పైన ఉంది, మిగతా రెండు దాని దిగువన. తెర మీద దగ్గరకు వెళ్లి చూస్తే మూడూ ఒకదాని అంచును ఇంకొకటి ఒరుసుకుంటూ వాలు వెంట దిగిన మెట్లలా కనిపిస్తాయి. పైదాని నోరు ఎంత వెడల్పంటే ఆ పక్కనుంచి చూసినప్పుడు పర్వతం భుజం కొరికేసినట్టుంటుంది. ఈ మూడింటినీ మూడు సాక్ష్యాలుగా లెక్కపెడితే మన లెక్క మనమే పెంచుకున్నట్టు. అవి ఒకే డైక్ పెట్టిన గుర్తులు కాబట్టి ఒక్క సాక్ష్యమే. కాకపోతే బలమైన సాక్ష్యం.

గీత ఎక్కడ గీయాలి

పిన్నులన్నీ పెట్టాక శిఖరానికి దగ్గరవి, దూరంవి విడదీయాలి. ఈ పద్ధతికి ప్రాణం ఇదే.

శిఖరం దగ్గర పర్వతం తన సొంత ఒత్తిడిని సృష్టించుకుంటుంది. కొండ బరువు, కింద గొట్టంలో ఉన్న మాగ్మా పోటు కలిసి డైక్‌లను నడిమి నుంచి అన్ని వైపులకూ చక్రం ఆకుల్లా పంపిస్తాయి. దూరం పోయేకొద్దీ ఆ ప్రభావం తగ్గి చుట్టుపక్కల నేలలోని ఒత్తిడిది పైచేయి అవుతుంది. అప్పుడు డైక్‌లు మెల్లగా వంగి గరిష్ఠ ఒత్తిడి దిక్కుకు తిరుగుతాయి. అమెరికాలోని కొలరాడోలో స్పానిష్ పీక్స్ అనే జంట కొండల దగ్గర ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ పై రాయి కోతకు గురై కొట్టుకుపోయింది. సుమారు రెండున్నర కోట్ల ఏళ్ల నాటి డైక్‌లు రాతిగోడల్లా బయటపడి నిలబడ్డాయి. కొండ దగ్గర అవి నలుదిక్కులకూ విచ్చుకుంటాయి, దూరంగా వెళ్లాక తూర్పు–ఈశాన్యం వైపు మళ్లుతాయి. గూగుల్ ఎర్త్‌లో ఒకసారి ఆ గోడల వెంట వెళ్లి చూడండి. ఫ్యూజీలో నేల కింద దాగి ఉన్నది ఎలా ఉంటుందో అక్కడ అర్థమవుతుంది.

కాబట్టి శిఖరం చుట్టూ ఉన్న బిలాలకు తక్కువ విలువ ఇవ్వండి. దూరంగా ఉన్నవి ఏ రెండు ఎదురెదురు దిక్కుల్లో ఎక్కువ దూరం వ్యాపించాయో చూడండి. ఆ రెండు రెక్కల మధ్యగా, శిఖరం మీదుగా ఒక గీత గీయండి. గూగుల్ ఎర్త్‌లోని రూలర్ తెరిచి గీత లాగితే దిక్కు డిగ్రీల్లో చూపిస్తుంది. ఉత్తరం సున్నా, తూర్పు 90, దక్షిణం 180. గీతకు రెండు కొసలుంటాయి కాబట్టి 140 అన్నా 320 అన్నా ఒకటే. ఎప్పుడూ 180 లోపు అంకెనే రాయండి.

గీత ఒకవైపే ఉండి, రెండోవైపు బిలాలే లేకపోతే కాస్త అనుమానించాలి. ఒకవైపు పాత కొండ ఆనుకుని ఉండొచ్చు, లేదా కొత్త లావా పాత బిలాలను కప్పేసి ఉండొచ్చు.

పెద్ద అగ్నిపర్వతం కాకుండా చిన్న చిన్న శంకువులు మైదానమంతా చెల్లాచెదురుగా ఉన్న ప్రాంతమైతే నడిమి శిఖరమే ఉండదు. అక్కడ వరసలు కళ్లతో ఏరుకోవాలి. మన కన్ను మాత్రం ఎక్కడ చుక్కలు చూసినా గీతలు కలిపేస్తుంది. ఏ మూడు చుక్కలైనా ఇంచుమించు ఒక వరసలో దొరికేస్తాయి. అందుకని కనీసం నాలుగైదు బిలాలు, దాదాపు ఒకే వయసువి, ఉంటేనే వరస అనండి. ఇంకా నమ్మకం కుదరకపోతే అదే విస్తీర్ణంలో అన్నే చుక్కలను ఎక్సెల్ ర్యాండమ్ అంకెలతో వేసి చూడండి. ఉత్తుత్తి చుక్కల్లో కూడా మీరు చూసినన్ని వరసలు కనిపిస్తే మీ వరసలకు విలువ లేదు.

ఒక్క శంకువుతోనూ కొంత చెప్పొచ్చు

బిలాల వరస దొరకని చోట ఒక్కో శంకువు ఆకారం సాయపడుతుంది. గుండ్రటి గొట్టం నుంచి పేలితే శంకువు గుండ్రంగా ఉంటుంది. పొడవాటి చీలిక నుంచి పేలితే అడుగు కోలగా సాగుతుంది, నెత్తిన బిలం కూడా సాగుతుంది. శంకువు అడుగు పొడవు, వెడల్పు రెండూ కొలవండి. పొడవు వెడల్పు కంటే కనీసం అయిదో వంతు ఎక్కువ ఉంటేనే దాన్ని కోల అని రాసుకుంటే మంచిదని నా అభిప్రాయం. అంతకంటే తక్కువ తేడాలు కొలతలో పొరపాటు వల్ల కూడా వస్తాయి. బిలం సాగిన దిక్కు, శంకువు అడుగు సాగిన దిక్కు ఒకటే అయితే ఇంకా నమ్మొచ్చు.

చాలా శంకువులకు ఒక పక్క గోడ తెగిపోయి గుర్రపు నాడా ఆకారం ఉంటుంది. తెగిన పక్క కూడా చీలిక దిక్కునే ఉంటుందని అంటారు. ఇది చదునైన నేల మీద మాత్రమే నిజం. వాలు మీద పుట్టిన శంకువు గోడ పల్లం వైపే తెగుతుంది, లావా బరువు అటే తోస్తుంది కాబట్టి. ఫ్యూజీ లాంటి పెద్ద వాలు మీద పల్లం ఎప్పుడూ శిఖరానికి ఎదురు దిక్కే. అంటే తెగిన దిక్కు చూసి గీత గీస్తే అది ఎలాగూ శిఖరం మీదుగానే పోతుంది. దాన్ని సాక్ష్యంగా తీసుకోవడం అంటే అడిగిన ప్రశ్ననే జవాబుగా రాసుకోవడం. ప్రతి శంకువు కిందా ఎత్తు ప్రొఫైల్, అంటే నేల ఎత్తుపల్లాలు చూపించే గీత, తీసి చూసి, నేల దాదాపు చదునుగా ఉంటేనే తెగిన దిక్కును వాడండి.

గాలిని కూడా మర్చిపోవద్దు. పేలేటప్పుడు గాలి ఒకే వైపు గట్టిగా వీస్తే బూడిద, రాళ్లు ఆ పక్క ఎక్కువ పడి ఆ అంచు ఎత్తుగా పెరుగుతుంది. ఒక ప్రాంతంలో శంకువులన్నిటికీ ఒకే పక్క అంచు ఎత్తుగా ఉంటే అది గాలి పనే అయ్యుండొచ్చు.

సగటు తీసేటప్పుడు జాగ్రత్త

వచ్చిన దిక్కులన్నిటికీ సగటు కావాలి. మామూలు సగటు ఇక్కడ దారుణంగా మోసం చేస్తుంది. ఉదాహరణకు నాలుగు కొలతలు 170, 5, 12, 178 అనుకుందాం. నాలుగూ ఇంచుమించు ఉత్తర–దక్షిణ గీతలే. కూడి నాలుగుతో భాగిస్తే 91 వస్తుంది, అంటే తూర్పు–పడమర! పూర్తిగా అడ్డం తిరిగిపోయింది.

సరైన పద్ధతి ఇది. ప్రతి కోణాన్నీ రెట్టింపు చేయండి: 340, 10, 24, 356. వీటి సైన్ విలువలన్నీ కలపండి, కొసైన్ విలువలన్నీ వేరుగా కలపండి. ఇక్కడ సైన్ల మొత్తం దాదాపు 0.17, కొసైన్ల మొత్తం దాదాపు 3.84 వస్తాయి. ఈ రెండు మొత్తాలతో కోణం తిరిగి కనుక్కుంటే సుమారు 2.5 డిగ్రీలు. దాన్ని సగం చేస్తే సుమారు 1 డిగ్రీ, అంటే ఉత్తర–దక్షిణం. ఎక్సెల్‌లో అయితే కోణాలను ముందు రేడియన్లలోకి మార్చడం గుర్తుంచుకోండి.

ఈ సూత్రం పనిచేయని మూడు సందర్భాలు

బిలాల వరస ఎంత చక్కగా ఉన్నా కొన్నిచోట్ల అది పలకల ఒత్తిడి గురించి చెప్పదు.

మొదటిది హవాయి. 2018లో అక్కడి కిలవేయ అగ్నిపర్వతపు తూర్పు రిఫ్ట్ వెంట, అంటే పొడవాటి చీలికల పట్టీ వెంట, ఊళ్ల మధ్య 24 చీలికలు తెరుచుకున్నాయి. ఇంతకంటే అందమైన వరస ఎక్కడా దొరకదు. కానీ కిలవేయ ఒక భారీ కొండ, దక్షిణం పక్క సముద్రం వైపు తన బరువుకు తానే జారుతోంది. ఉత్తరం పక్క మౌనా లోవా అనే ఇంకో అగ్నిపర్వతం ఆనుకుని ఉంది. నేల ఎటు తెరుచుకోవాలో చాలావరకు ఆ బరువే తేలుస్తోంది. అక్కడి గీత కొండ గురించి చెబుతుంది, పసిఫిక్ పలక గురించి కాదు.

రెండోది గలపగోస్ దీవుల్లోని ఫెర్నాండినా. శిఖరం మీదున్న పెద్ద గుంట చుట్టూ వలయాలుగా చీలికలు, దిగువన వాలుల మీద చక్రం ఆకుల్లా చీలికలు ఉంటాయి. అలాంటి ఆకారం కనిపిస్తే కింద ఉన్న మాగ్మా గదే రాజ్యం చేస్తోందని అర్థం. సగటు తీసే ప్రయత్నం చేయొద్దు.

మూడోది పాత భ్రంశం. నేలలో ఇదివరకే బలహీనమైన పగులు ఉంటే, అది గరిష్ఠ ఒత్తిడి దిక్కుకు కాస్త అటూ ఇటూ ఉన్నా మాగ్మా దాన్నే వాడుకోవచ్చు. వరసకు ఒక పక్క నేల ఎత్తు, ఇంకో పక్క పల్లం ఉంటే, లేదా వరస పొడవునా ఒక గట్టు బిలాలు లేని చోటికి కూడా సాగిపోతే అనుమానించండి.

జవాబు సరిచూసుకోవడం

ఫ్యూజీ దగ్గర మీకు వాయవ్య–ఆగ్నేయం వచ్చిందనుకుందాం. ఫిలిప్పీన్ సముద్ర పలక వాయవ్యం వైపు కదులుతూ, దాని మీదున్న ఇజు ద్వీపకల్పాన్ని జపాన్ ప్రధాన భూభాగంలోకి నెడుతోంది. నెడుతున్న దిక్కు, మీ గీత కలిశాయి.

ఇంకా దక్షిణాన ఇజు–ఓషిమా దీవికి వెళ్లండి. 1986 నవంబర్ 21న అక్కడ నడిమి గుంటలోనూ, దాని బయట వాయవ్యపు వాలు మీదా చీలికలు తెరుచుకున్నాయి. సుమారు పదివేల మంది జనాన్ని పడవల్లో దీవి నుంచి తరలించారు. ఆ చీలికలు సాగింది వాయవ్య–ఆగ్నేయంగానే. దీవి మొత్తం ఆకారం కూడా ఇంచుమించు అటే సాగి ఉంటుంది. తర్వాత 2000 జూన్‌లో మియాకేజిమా దీవి కింద నుంచి మాగ్మా సముద్రం అడుగున వాయవ్యం వైపు, కోజుషిమా దిక్కుగా, 30 కిలోమీటర్ల దాకా చొచ్చుకుపోయింది. దాని వెంట పుట్టిన భూకంపాల గుంపు ఆ డైక్ దారిని గీత గీసినట్టు చూపించింది. మూడు అగ్నిపర్వతాలూ ఒకే మాట చెప్పినప్పుడు నమ్మకం కుదురుతుంది. నకమురా పద్ధతి మీద నాకు గౌరవం కలగడానికి ముఖ్య కారణం ఇదే: ఆయన రాసిన తర్వాత జరిగిన సంఘటనలు ఆయన చెప్పిన దిక్కునే నడిచాయి.

పలకలు విడిపోయే చోట కూడా పరీక్షించాలంటే ఐస్‌లాండ్ చూడండి. 1783 జూన్ 8న మొదలైన లాకి విస్ఫోటంలో 27 కిలోమీటర్ల పొడవున వందకు పైగా బిలాలు నైరుతి నుంచి ఈశాన్యానికి బారులు తీరాయి. 2023 డిసెంబర్‌లో గ్రిండవిక్ ఊరి దగ్గర తెరుచుకున్న సుమారు 4 కిలోమీటర్ల చీలిక కూడా ఇంచుమించు అదే దిక్కు. అక్కడ రెండు పలకలు ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్నాయి, చీలికలు మొత్తం మీద దానికి అడ్డంగా సాగుతున్నాయి. లాకిని దగ్గరగా చూస్తే అది ఒకే సరళరేఖ కాదు, పక్కపక్కకు కొంచెం జరిగిన పది ముక్కలు. అలాంటప్పుడు ఒక్కో ముక్క దిక్కు, మొత్తం బారు దిక్కు రెండూ విడివిడిగా రాసుకోండి. పైపొరలో ఒత్తిడి కొద్దిగా తిరిగి ఉన్నప్పుడు డైక్ పైకొస ఇలా ముక్కలవుతుంది.

చివరగా జర్మనీలోని పోట్స్‌డామ్ నుంచి నడిచే వరల్డ్ స్ట్రెస్ మ్యాప్ తెరిచి మీ ప్రాంతం చూడండి. భూకంపాలు, బోరుబావులు, బిలాల వరసలు అన్నీ కలిపి గీసిన పటం అది. వాళ్లు బిలాల వరసలకు గ్రేడ్లు ఇస్తారు. ఒక ప్రాంతంలో అయిదు లేక అంతకు మించి వరసలు దొరికి, వాటి ప్రామాణిక విచలనం, అంటే దిక్కులు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత, 12 డిగ్రీల లోపు ఉంటే ఎ. అయిదు బిలాలు కూడా లేని ఒంటరి వరసకు డి. మీ పనికి మీరే ఆ గ్రేడు వేసుకోండి. నిజాయితీగా వేస్తే మొదటి ప్రయత్నాలు చాలావరకు సి, డి ల్లోనే ఉంటాయి. అందులో తప్పేమీ లేదు.

ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు

దిక్కు చెప్పొచ్చు. ఒత్తిడి ఎంత అన్నది చెప్పలేం. ఆ ప్రాంతం సాగుతోందా, పక్కలకు ఒరుసుకుంటోందా అన్నది కూడా ఈ గీత ఒక్కదాంతో తేలదు. ఐస్‌లాండ్‌లోనూ గీతే, ఫ్యూజీలోనూ గీతే. మొదటిచోట పలకలు విడిపోతున్నాయి, రెండోచోట ఢీకొంటున్నాయి. అది తేల్చడానికి భూకంపాలు నేలను ఎలా కదిలించాయో చూడాలి. ఒక్కటి మాత్రం ధైర్యంగా అనొచ్చు: తిన్నటి బిలాల వరస ఉందంటే అక్కడ కనిష్ఠ ఒత్తిడి అడ్డంగా ఉంది, నిలువుగా లేదు. నిలువు ఒత్తిడి కనిష్ఠమైతే మాగ్మా గోడలా లేవకుండా పొరల మధ్య చాపలా పరుచుకునేది.

మన నేల మీద చేయాలంటే

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పేలే అగ్నిపర్వతాలు లేవు. డైక్‌లు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. తెలంగాణ గ్రానైట్ నేలల్లో లేత రంగు బండల మధ్య నుంచి నల్లటి గుండ్రాళ్ల గట్టు కిలోమీటర్ల కొద్దీ తిన్నగా పోతూ కనిపిస్తే అది చాలావరకు డోలరైట్ అనే నల్లరాయి డైకే, మాగ్మా చీలికలో గడ్డకట్టి మిగిలినది. కొన్నిచోట్ల దాన్నే తవ్వి బ్లాక్ గ్రానైట్ పేరుతో అమ్ముతారు. వీటిలో చాలావాటి వయసు రెండు వందల కోట్ల ఏళ్లకు పైమాటే. వాటి దిక్కు కొలిస్తే తెలిసేది ఆనాటి ఒత్తిడి. మహారాష్ట్రలో నందుర్బార్, ధూళే ప్రాంతపు దక్కన్ డైక్‌లు చాలావరకు తూర్పు–ఈశాన్యంగా సాగుతాయి. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట అక్కడి నేల ఇంచుమించు ఉత్తర–దక్షిణంగా తెరుచుకుందని అవి చెబుతాయి.

ఇప్పటి ఒత్తిడి కోసం హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, మనందరం ఎన్‌జీఆర్‌ఐ అనేది, బోరుబావుల్లో నీటిని ఒత్తిడితో పంపి రాయిని పగలగొట్టి పగులు దిక్కు కొలిచింది. మాగ్మాకు బదులు నీరు, అంతే తేడా, సూత్రం ఒకటే. అలాంటి కొలతల ప్రకారం ద్వీపకల్పంలో చాలాచోట్ల గరిష్ఠ ఒత్తిడి ఉత్తరానికీ ఈశాన్యానికీ మధ్య ఉంది. భారత పలక హిమాలయాలను నెడుతున్న దిక్కుకు అది దగ్గరగా సరిపోతుంది.

మీ ఊరి పక్క డైక్ కొలవాలనుకుంటే ముందు ఉపగ్రహ చిత్రంలో గట్టు రెండు కొసలూ చూసి దిక్కు రాసుకోండి, ఆ తర్వాతే నేల మీదకు వెళ్లండి. డోలరైట్‌లో అయస్కాంత ఖనిజం ఉంటుంది. దిక్సూచిని రాయి మీద పెట్టి చూస్తే ముల్లు పక్కకు లాగేయొచ్చు. గట్టు నుంచి బాగా ఎడంగా, బండి నుంచి కూడా దూరంగా నిలబడి, గట్టు పోయే వరుసను కంటితో ఆనవాలు పట్టి దిక్సూచి చూడండి. గట్టు పొడవునా వేర్వేరు చోట్ల ఇలాగే కొలిచి, పైన చెప్పిన రెట్టింపు కోణాల పద్ధతిలో సగటు తీయండి. తవ్వకం జరుగుతున్న క్వారీ అయితే అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి. అంచు నుంచి చూసినా డైక్ పక్క గోడలు నిటారుగా ఉన్నాయా, ఒరిగి ఉన్నాయా అన్నది తెలుస్తుంది, అదీ రాసుకోండి.